తూర్పు నడవా కెమెరా

వెర్నర్ హాకలా ఆ వృద్ధాశ్రమంలో మరమ్మతుల పనికి చేరి పందొమ్మిదేళ్ళయింది. అంతకు ముందు ఇనుపగనిలో చేశాడు. గని మూతపడ్డాక అమెరికాలోని మినసోటా ఉత్తరాన ఆ చిన్న ఊళ్ళో దొరికిన పని ఇదే. కారే కుళాయి, మొరాయించే హీటరు, బిగుసుకుపోయిన కిటికీ అన్నీ అతని వంతే. అయినా ముసలివాళ్ళు అతన్ని పిలిచేది మాత్రం ‘గడియారాల వెర్నర్’ అని. పగటి వెలుగును బట్టి ఆ దేశమంతా టైము మార్చుకునే మార్చిలో గంట ముందుకీ నవంబరులో గంట వెనక్కీ, ఆ భవనంలోని నలభై ఒక్క గోడగడియారాలను నిచ్చెనెక్కి తిప్పేది అతనే. ఒక్కోటీ అవగానే నోటుపుస్తకంలో దాని పేరు పక్కన టిక్కు పెట్టుకునేవాడు.

కెమెరాలు తొమ్మిది. ఎనిమిదింటికి టైము దానంతటదే మారేది. తూర్పు నడవాలోది మాత్రం తర్వాతెప్పుడో కొని పెట్టింది. దాని రికార్డరు సామాన్ల గదిలో విడిగా ఉండేది, చేత్తో మార్చాలి. ఆ నవంబరు ఆదివారం వెర్నర్ వెళ్ళేసరికి రికార్డరుకు అడ్డంగా క్రిస్మస్ అలంకరణల డబ్బాలు నడుం ఎత్తున పేర్చి ఉన్నాయి. రేపు తీసి మారుద్దాంలే అనుకున్నాడు. పుస్తకంలో ఆ ఒక్క గడీ ఖాళీగా కనిపించడం నచ్చక, టిక్కు పెట్టేశాడు. సోమవారం బాయిలరు మొండికేసింది. రికార్డరు సంగతి మనసులోంచి జారిపోయింది.

బుధవారం పొద్దున కాఫీ దగ్గర వంటమనిషి బెర్నిస్ గొంతు తగ్గించి చెప్పింది. “రాత్రి ఆయా జానెల్‌ని ఇంటికి పంపేశారు, తెలుసా? మన సుండ్‌క్విస్ట్ తాతగారు నిన్న తెల్లారుజామున మంచం మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నారు కదా.”

“దానికి జానెల్ ఏం చేసింది?”

“‘ఆరింటికి వెళ్ళి చూశాను, నిద్రపోతున్నారు’ అని రిజిస్టరులో రాసింది. కెమెరాలో చూస్తే ఆరింటికి ఆ గదిలోకి పురుగు కూడా వెళ్ళలేదట. దొంగరాత రాసిందంటున్నారు. రాష్ట్ర ప్రభుత్వం వాళ్ళకి పేరు పంపారంటే ఇంకెక్కడా ఆయా పని ఇవ్వరు పాపం.”

“ఏ కెమెరా?”

“తూర్పు నడవాదే. ఇంకేది?”

వెర్నర్ కప్పు కింద పెట్టాడు. సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపు మూసుకుని, డబ్బాలు ఒక్కొక్కటే పక్కకు లాగాడు. చేతి గడియారంలో పదీ ఇరవై. రికార్డరు మీద పదకొండూ ఇరవై.

ఆయాలు గదులు చూసి వచ్చేది నాలుగింటికి ఒకసారి, ఆరింటికి ఒకసారి. కెమెరాలో ఆరు అని ఉన్నప్పుడు నిజానికి ఐదు. ఐదింటికి ఎవరెందుకు వెళ్తారు?

వేలు బటన్ మీదకు వెళ్ళింది. ఇప్పుడు సరిచేసేస్తే రేపటి నుంచి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. అడిగేవాళ్ళుండరు. వచ్చే జూన్‌కి తను ఉద్యోగం నుంచి దిగిపోతాడు. వేలు వెనక్కి తీసుకున్నాడు. కానీ నేరుగా ఆఫీసుకూ వెళ్ళలేదు. ఆ రోజంతా నడవాలో ఎవరి అడుగు వినిపించినా తన కోసమేనేమో అని వెనక్కి తిరిగి చూశాడు.

ఇంట్లో భార్య ఐలీ యాలకుల రొట్టె కోసిపెట్టింది. అతను ముట్టుకోలేదు.

“ఒంట్లో బాగోలేదా?”

“బాగానే ఉంది.”

“బాగున్నవాడివి రొట్టెని కళ్ళతో తింటావా? ఏమైందో చెప్పు.”

చెప్పాడు.

“టిక్కు ఎందుకు పెట్టావు?” అని మాత్రం అడిగింది ఐలీ. అతను పళ్ళెం పక్కకు జరిపి లేచాడు. రాత్రంతా కళ్ళు మూతపడలేదు.

గురువారం మధ్యాహ్నం దాకా ఏవో పనులు కల్పించుకుని తిరిగి, చివరికి నోటుపుస్తకం పట్టుకుని డైరెక్టరు లిండ్‌గ్రెన్ గదికి వెళ్ళాడు.

“తూర్పు నడవా కెమెరా టైము నేను మార్చలేదండీ. మార్చినట్టు రాశాను.”

ఆమె కళ్ళజోడు తీసింది. “మరి ఈ పుస్తకంలో ఉన్నది?”

“అబద్ధం. మీరు ఆరింటి దగ్గర ఆపేశారు. ఇంకో గంట ముందుకు జరిపి చూడండి.”

జరిపారు. తెర మీద ఏడు అంకె పడగానే టార్చి పట్టుకుని జానెల్ ఆ గదిలోకి వెళ్ళింది, కాసేపటికి బయటికొచ్చి తలుపు మెల్లగా దగ్గరికి వేసింది. నడవా చివర కిటికీ నల్లగా ఉంది. నవంబరు మొదట్లో అక్కడ ఏడింటికల్లా తెల్లారిపోతుంది, అంటే అది ఏడు కాదు, ఆరు. ఇంకా ముందుకు జరిపితే, ఏడూ యాభైకి నర్సులు పరిగెత్తుతూ కనిపించారు. ఆయన పడ్డారని కేకలు వినిపించింది ఆరూ యాభైకని ఆశ్రమంలో అందరికీ తెలుసు.

“ఈ కిటికీ వైపు నేను చూడనే లేదు,” అంది లిండ్‌గ్రెన్. అప్పుడే జానెల్‌కి ఫోను చేసింది. వెర్నర్ ఫైలులో హెచ్చరిక ఉత్తరం చేరింది. ఇకపైన ప్రతి టిక్కు పక్కనా రెండో మనిషి సంతకం ఉండాలన్నారు.

శుక్రవారం జానెల్ పనిలోకి వచ్చి తిన్నగా వెర్నర్ ఉన్న బాయిలరు గదికి దిగింది.

“మీకు ఎప్పుడు తెలిసింది?”

“బుధవారం పొద్దున.”

“నాకు ఫోనొచ్చింది నిన్న మూడింటికి.” “నేనే కలగన్నానేమో, ఆ గదికి నిజంగా వెళ్ళలేదేమో అనుకున్నాను. రెండు రోజులు నన్ను నేనే నమ్మలేదు. అది మీకు తెలుసా?”

“భయపడ్డానమ్మా. తప్పు నాదే.”

ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయింది. చలికాలమంతా ఎదురుపడితే తలూపడమే తప్ప మాట లేదు.

మార్చి వచ్చింది. రెండో సంతకానికి ఎవరొస్తారని లిండ్‌గ్రెన్ అడిగితే జానెల్ చెయ్యెత్తింది. ఆ ఆదివారం ఆమె అతని వెనకే నడిచి, ప్రతి గడియారాన్నీ తన ఫోనుతో సరిచూసి, పేరు రాసింది. సామాన్ల గదిలో మాత్రం అతన్ని పక్కకు జరగమని, రికార్డరు ముందు తనే కూర్చుంది.

“ఏ బటనో చూపించండి,” అంది. “జూన్‌లో మీరు దిగిపోయాక ఇది చెయ్యాల్సింది నేనేగా.”