సున్నం పడని కొస

బుగ్గన కిళ్లీ లేకుండా తవిటమ్మ ఏ పనీ మొదలుపెట్టదు. రెండేళ్లుగా ఆమె మినపచేను పసుపెక్కుతోంది. మొక్కకు రవ్వంత కావలసిన ఖనిజం మట్టిలోనే ఉన్నా నేల పులుపు దాన్ని వేరుకు అందనివ్వదని, సున్నం వెయ్యాలని గ్రామసేవకుడు చెప్పాడు. ఈసారీ కాపు రాకపోతే చేనంతా సరుగుడు నాటేస్తానన్నాడు మరిది జగన్నాధం. విత్తేముందు ఆమె చేతులకు ఆముదం రాసుకొని, ముక్కుకు కొంగు చుట్టుకొని, తట్టలకొద్దీ గుల్లసున్నం చల్లింది.

"సేనుకి తాంబూలం ఎడతన్నావేటి వదినా?" అని జగన్నాధం నవ్వాడు. ఆమె ఇంకో తట్ట ఎత్తుకుంది.

కాపువేళకు అతను సరుగుడు మొక్కలతో వచ్చి గట్టుమీద ఆగిపోయాడు. చేనంతా ముదురుపచ్చగా, కాయలతో నిండుగా ఉంది. పడమటి కొస మాత్రం పసుపుగానే ఉంది.

"అక్కడ కావాలనే సున్నం ఎయ్యలేదు. నీ సరుగుడు అక్కడ ఏసుకో," అంది తవిటమ్మ, కిళ్లీని రెండో బుగ్గకు మార్చుకుంటూ.