ఓడ కథ మీద వచ్చిన ఒకే ఒక్క ప్రశ్న

1961 జూలైలో నన్ను సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయుడిగా జువ్వలదిన్నె పక్కనున్న ఒక చేపలవాళ్ల పాలెంలో ఏకోపాధ్యాయ పాఠశాలకు వేశారు. బోగోలు దాకా బస్సు, ఆపైన ఇసుకలో నడక. ప్రొబేషన్ మీద ఉన్నవాణ్ణి. డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు వచ్చి, పాఠం చూసి, బాగుందని రాస్తేనే ఉద్యోగం ఖాయం. లేదంటే ఇంటిదారే.

ఆయనకు ఒకటే పట్టు. కథ చదివేటప్పుడు ఉపాధ్యాయుడు మధ్యమధ్య ఆగాలి, పిల్లలు ప్రశ్నలు అడగాలి. అడక్కపోతే పాఠం తప్పినట్టే లెక్క. నాకా దిగులు లేదు. మా పిల్లలు కాకి కథ చెప్తే కాకి పెళ్లాం పేరేమిటని అడిగే రకం. పైగా సముద్రం ఒడ్డు పిల్లలు గదా అని ఆయన వచ్చే రోజుకు ఓడ కథ ఎంచుకున్నాను. నా తెలివి తగలెయ్య!

ఇన్‌స్పెక్టరుగారు కుర్చీలో సర్దుకున్నారు. వర్తకుడు సరుకంతా ఓడకెక్కించి బయలుదేరాడు అని చదివి ఆగాను. ఒక్కరూ నోరు విప్పలేదు. బతిమాలాను, కళ్లతో సైగ చేశాను. ఊహూఁ. అందరివీ నేలచూపులే.

ఆయనకు ఓపిక నశించింది. "ఏంరా, ఆ వర్తకుడు ఎక్కడికి పోతున్నాడని అడగరాదా?" అన్నారు.

తరగతి మొత్తం గతుక్కుమంది. నేను గబగబా ముందుకు చదివాను. ఖర్మ, తర్వాతి వాక్యంలోనే తుఫాను లేచి ఓడ మునిగింది.

మూడో తరగతి పోలమ్మ లేచి నిలబడి ఇన్‌స్పెక్టరుగారి వైపు తిరిగింది. "పడవెక్కేటోళ్లను యాడికని అడగకూడదు గదా సార్! మీరెందుకడిగినారు? చూడండి, మునిగిపాయె!"

మా ఇంట్లోనూ అంతే. గడప దాటేవాణ్ణి ఎక్కడికని అడిగితే మా అమ్మ ఊరుకునేది కాదు. పాఠ్య పథకం రాసుకునేటప్పుడు ఆ సంగతి నాకు తట్టనే లేదు.

ఇన్‌స్పెక్టరుగారి మొహం కందగడ్డయింది. పోలమ్మ జవాబు కోసం నిలబడే ఉంది. చివరికి నేనే కూర్చోమన్నాను.

వెళ్లేముందు ఆయన నన్ను పక్కకు పిలిచి, ప్రశ్నలడగడం బాగానే నేర్పావనీ, ఎవర్ని అడగాలో కూడా నేర్పమనీ చెప్పి, పాఠం తృప్తికరమని రాసి సంతకం పెట్టారు. నా ఉద్యోగం ఖాయమైంది. ఆ ఏడంతా ఎన్ని కథలు చదివినా పోలమ్మ మళ్లీ లేచి నిలబడలేదు.

రిటైరయ్యేదాకా, పిల్లల చేత ప్రశ్నలు అడిగించాలని ఉత్తర్వులు చాలానే అందుకున్నాను. పెద్దలు జవాబు చెప్పాలని ఒక్కటీ రాలేదు.