మా బాపు రెండుసార్లు పోయాడు

ఆరేళ్లుగా ఒక మాట గొంతులో ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. మీరు నన్ను ఎరగరు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. బతికున్న మా బాపును చచ్చిపోయాడని చెప్పి నేను పేరు తెచ్చుకున్నాను.

మాది మందమర్రి. అక్కడ నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. డ్యూటీ దిగి, స్నానం చేసి కుర్చీలో కునుకు తీస్తుంటే ఎదురుగా కూర్చుని ఆయన బొమ్మ గీసేదాన్ని. నాకు బొమ్మలు అబ్బింది అలాగే. చదువయ్యాక, బొమ్మలు కూడు పెట్టవని హైదరాబాద్ వెళ్లి ఒక ఫ్యాషన్ కంపెనీలో బట్టల డిజైన్లు గీసే పనిలో చేరాను.

మొదటిసారి నా పేరుతో బట్టలు వేదికెక్కినప్పుడు అన్నీ నలుపే. ఇంత నలుపు ఎందుకని కెమెరా ముందు ఒకామె అడిగింది. "మా నాన్న గనిలో పైకప్పు కూలి చనిపోయారు" అన్నాను. అనుకోకుండా నోరు జారిందని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. జారిందా? ముందురోజు అద్దం ముందు ఒకసారి అని చూసుకున్నాను. గొంతు ఎక్కడ తగ్గించాలో కూడా చూసుకున్నాను. బట్టలు బాగా అమ్ముడుపోయాయి.

డ్యూటీకి బయలుదేరే మనిషిని ఎక్కడికని అడిగితేనే అవ్వ మండిపడేది. ఆయన తిరిగొచ్చేదాకా ఇంట్లో చావు మాట ఎవరి నోటా రానిచ్చేది కాదు. అలాంటి ఇంట్లో పుట్టి, ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చింది?

కొన్నాళ్లకు బాపు ఫోన్ చేశాడు.

"బిడ్డా, పక్క క్వార్టర్ మల్లన్న ఫోన్ల నీ వీడియో చూపెట్టిండు. నేను బాయిల సచ్చిపోయిన్నట గదా?"

ఫోన్ పట్టుకుని ఆఫీసు బయటికి నడిచాను.

"మరి నా నౌకరి ఎవ్వరికిచ్చిండ్రే?" అని నవ్వాడు. గనిలో మనిషి పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. మా కాలనీలో చావు కబురు వెంటే వచ్చే ప్రశ్న అది.

"నేనట్ల అనలే బాపు. గాళ్లే ఏదో కలిపిండ్రు" అన్నాను. వీడియోలో మాట్లాడింది నేనే. ఆయన చెవులారా విన్నాడు.

"సరే తీ. మీ అవ్వకు తెల్వనియ్యకు. పరేషాన్ అయితది" అన్నాడు.

మళ్లీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. తిట్టినా బాగుండేది.

రిటైరైన కొన్నాళ్లకు బాపు ఇంట్లోనే, మంచంలో, జ్వరంతో పోయాడు. కబురొచ్చినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. సెలవు అడగాలి. ఏమని అడగను? వాళ్లకు తెలిసినంతలో మా నాన్న ఎప్పుడో పోయాడు. "మా పెదనాన్న పోయారు" అన్నాను. "బాగా దగ్గరివారా?" అని అడిగారు. "అంత కాదు" అన్నాను.

దినవారాలయ్యాక ఆ ఆఫీసు మెట్లు మళ్లీ ఎక్కలేకపోయాను. మందమర్రిలోనే ఉండిపోయి కుంచె పట్టాను. బాపును గీద్దామని కూర్చుంటే కళ్లు మూసుకున్న మొహమే వస్తోంది. నిద్రపోయే మనిషినే చూసి నేర్చుకున్న చెయ్యి కదా. తెరిచిన కళ్లు దానికి తెలియవు. అవి నన్నెలా చూస్తాయోనన్న భయం కూడా ఉంది.

ఎల్లుండి కరీంనగర్‌లో నా బొమ్మల ప్రదర్శన. నన్ను పరిచయం చేస్తూ గోడమీద అతికించే కాగితం నిర్వాహకులు ముందుగా నాకు పంపారు. "గని ప్రమాదంలో తండ్రిని కోల్పోయిన చిత్రకారిణి" అని ఉంది. పాత వీడియో చూసి రాశారట. ఆ వాక్యం కొట్టేసి ఊరుకుందామనుకున్నాను. ఎవరికి తెలుస్తుంది? కానీ అది మళ్లీ దాచడమే. కొట్టేసిన చోట రాశాను: "మా బాపు గనిలో పోలేదు. ఇంట్లో పోయాడు. గనిలో పోయాడని నేనే అబద్ధం చెప్పాను."

రాశాక, చాలా రోజులకు అన్నం సయించింది. అంతకు మించి ఏమీ తేలిక పడలేదు. క్షమించాల్సిన మనిషి లేడు.

ప్రదర్శనకు అవ్వ వస్తానంది. ఆమెకు చదువు రాదు. కాగితం ముందు నిలబడి, "గిండ్ల ఏం రాసిండ్రు బిడ్డా?" అని నన్నే అడుగుతుంది. నేనే చదివి వినిపించాలి.