తడిసిన కంప

ఆ డిసెంబరులో కొండ కింది క్రైస్తవుల ఊరైన అల్కోష్‌ను వాన పట్టుకుంది, పట్టుకున్నాక వదల్లేదు. కొండ మీది మబ్బు దిగివచ్చి ఇళ్ళ మధ్య తిష్ఠ వేసింది. ఉతికిన బట్టలు ఎన్నాళ్ళకీ ఆరవు. వీధిలో అడుగు వేస్తే చెప్పు బురదలో ఉండిపోయి కాలొక్కటే పైకి వస్తుంది. కరెంటు సంగతి సరేసరి. క్రిస్మస్‌కి ఇళ్ళు సర్దుకుంటున్న ఆడవాళ్ళందరూ ఆ వానని తిట్టినవాళ్ళే. అందరికన్నా ఎక్కువ తిట్టింది మాత్రం షమూనీ.

షమూనీ తిట్లకి ఊళ్ళో పేరుంది. భర్త పోయాక కొడుకు హొర్మిజ్‌, కోడలు సుందుస్‌తో ఉంటోంది. కూతుళ్ళిద్దరూ పక్క పట్నం దొహూక్‌లో కాపురాలు చేసుకుంటున్నారు. పండగ పొద్దున పూజ ముగిసే వేళకి మొగుళ్ళతో, పిల్లలతో దిగుతారు. వాళ్ళకి ఖర్జూరం పెట్టిన కలీచా బిస్కెట్లు కావాలి, పాచా కావాలి. పాచా అంటే మాటలా? గొర్రె పొట్టని తెల్లగా వచ్చేదాకా కడిగి, ముక్కలు కోసి, బియ్యం, మాంసం కూరి, సూదీ దారంతో సంచుల్లా కుట్టాలి. కడగడానికి కుళాయి తిప్పితే వచ్చింది ఎర్రటి బురదనీళ్ళు. వాననీళ్ళని బిందెల్లో పట్టి, తేరనిచ్చి, వాటితోనే కడిగింది షమూనీ. కడిగినంతసేపూ ఆకాశాన్ని దుమ్మెత్తిపోస్తూనే ఉంది.

ఇవన్నీ ఒక ఎత్తు, కంప ఒక ఎత్తు. పండగ ముందురోజు సాయంత్రం ప్రతి ఇంటి వాకిట్లోనూ ఎండు కంప కుప్ప వేస్తారు. ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళు కొవ్వొత్తి పట్టుకుని ప్రభువు పుట్టిన సువార్త చదువుతారు, పెద్దవాళ్ళు కంపకి నిప్పు పెడతారు. మొత్తం కాలి బూడిదైతే ఆ ఇంటికి ఏడాదంతా మంచిది. ఆ బూడిద మీద ముమ్మారు దూకి మనసులో ఉన్నది కోరుకుంటారు. సగంలో ఆరిపోతే ఎవరూ పైకి ఏమీ అనరు, లోపల అనుకోకుండానూ ఉండరు.

షమూనీ పైకే అనేసింది, అదే వచ్చిన చిక్కు. నిరుడు ఆ ఇంటి కంప సగం కాలి ఆరిపోయింది. ఉపవాస కాలం రాకముందే సుందుస్‌కి ఐదో నెల కడుపు పోయింది. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ళ ముందు షమూనీ నోరు జారింది. "ఆ రోజే కంప చెప్పిందమ్మా, మనమే వినలేదు" అంది. తలెత్తేసరికి గుమ్మంలో కాఫీ పళ్ళెంతో సుందుస్ నిలబడి ఉంది. పళ్ళెం అక్కడ పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అత్తకి ఎదురు చెప్పే మనిషి కాదు మరి. చెప్పి ఉంటే షమూనీకి కాస్త తేలిగ్గా ఉండేదేమో. ఆ మాట వెనక్కి తీసుకోవాలని ఎన్నిసార్లు నోరు తెరిచిందో, తెరిచిన ప్రతిసారీ ఉప్పు గురించో పప్పు గురించో మాట్లాడి ఊరుకుంది.

ఇప్పుడు సుందుస్‌కి మళ్ళీ ఐదో నెల. వాన జోరందుకున్నప్పుడల్లా ఆ పిల్ల పొట్ట మీద చెయ్యి వేసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, ఎదురుగా వంటకొట్టు మిద్దె మీద ఉన్న కంపమోపు కేసి చూస్తుంది. ఈసారీ కంప ఆరిపోతే ఈ పిల్ల బిడ్డని కనేదాకా రోజూ చస్తూనే బతుకుతుందని షమూనీకి తెలుసు. అది తన నోటి పుణ్యమేనని కూడా తెలుసు.

అందుకే గాలికి మోపు మీది పట్టా ఎగిరిపోయిన రోజున, మోకాళ్ళ నొప్పులు కూడా మరిచి నిచ్చెనెక్కింది. నీళ్ళు కారుతున్న మోపుని కొడుకు చేత గదిలోకి మోయించి, కిరసనాయిలు పొయ్యి చుట్టూ పరిచింది. ఆరని బట్టలూ అక్కడే, కంపా అక్కడే. మర్నాడు హొర్మిజ్ ప్యాంటు తొడుక్కుని కెవ్వుమన్నాడు.

"మనుషులం చలికి వణుకుతున్నాం, ముళ్ళు మాత్రం వెచ్చగా కూర్చున్నాయి" అని గొణిగాడు.

"నోరు మూసుకుని ఆ కొమ్మని ఇటు తిప్పు" అంది తల్లి.

కిరసనాయిలు కూడా అడుగంటింది. తెచ్చే ట్యాంకరు ఊరి బయట బురదలో దిగబడిపోయిందట. పక్కింటి వారీనాకి ఆ బెంగ లేదు, ముందే డబ్బాలు నింపుకుంది. ఆవిడ ఏటా కంప మీద సీసాడు కిరసనాయిలు గుమ్మరించి అంటిస్తుంది, భగ్గుమని క్షణంలో బూడిదైపోతుంది. దేవుణ్ణి మోసం చేస్తున్నావంటూ షమూనీ ఆవిడతో ఎన్నో ఏళ్ళుగా పోట్లాడుతోంది. అయినా ఆ ఇంట్లో ఏటా ఓ మనవడో మనవరాలో పుడుతూనే ఉన్నారు. షమూనీకి మింగుడు పడని సంగతుల్లో అదొకటి.

పండగ ముందురోజు సాయంత్రానికి వాన సన్న తుంపరగా మారింది. వాకిట్లో రేకు కింద కుప్ప వేశారు. ఆ ఇంట్లో అందరికన్నా చిన్నది సుందుసే గనక సువార్త తనే చదివింది. హొర్మిజ్ నిప్పు పెట్టాడు. పైకొమ్మలు చిటపటమని అంటుకున్నాయి. మంట కుప్ప మధ్యకి దిగింది, చుయ్యిమంది, పొగ కమ్ముకుంది. మళ్ళీ అంటించారు. మళ్ళీ పొగే. పొయ్యి పక్కన పై ముళ్ళు ఆరాయి గానీ లోపలి మొద్దు కొమ్మలు తడి వదల్లేదు. సగం కుప్ప నల్లగా, చెమ్మగా అలాగే మిగిలిపోయింది.

సుందుస్ పుస్తకం మూసేసింది. ముఖంలో నెత్తుటిచుక్క లేదు.

షమూనీ లోపలికి నడిచింది. ఆ రాత్రి గది వెచ్చగా ఉండటానికి మిగిలిన కాస్త కిరసనాయిలూ డబ్బాతో సహా పట్టుకొచ్చి కుప్ప మీద వంచేసింది. హొర్మిజ్ గబాలున తల్లిని వెనక్కి లాగాడు. భగ్గున లేచిన మంట రేకుని తాకింది. గోడ అవతలి నుంచి వారీనా తల పైకొచ్చింది.

"వదినా, దేవుడు చూస్తున్నాడేమో."

"చూడనీ. ఆయన చూడాలనే పోశాను."

కంప ఆఖరి ముల్లు దాకా కాలింది. కానీ సుందుస్ ముఖం తేరుకోలేదు. నూనె పోసి కాల్చిన కంప లెక్కలోకి రాదని మీరే అనేవారు కదా అత్తయ్యా అంది, బూడిదకేసి చూస్తూ.

షమూనీకి ఇక ఉప్పూ పప్పూ దొరకలేదు.

"రాదు. ఇది లెక్కలోకి రాదు, నిరుటిదీ రాదు. తడిసిన కంప కాలదు, దానికేం తెలుసు పాపం. నిరుడు చెప్పింది కంప కాదే అమ్మాయ్, నా పాడు నోరు. నా నోరు తప్పు చెప్పింది."

గోడ మీది తల నెమ్మదిగా కిందికి దిగిపోయింది. హొర్మిజ్ ఖాళీ డబ్బాకి మూత పెట్టడానికి అంతసేపు ఎందుకు పట్టిందో అతనికే తెలియాలి. సుందుస్ కళ్ళ నుంచి నీళ్ళు జలజలా రాలాయి. ఏడుస్తూనే ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి అత్తకి ఎదురు చెప్పింది.

"ఈ ముక్క చెప్పడానికి ఏడాది పట్టిందా మీకు?"

"పట్టింది" అంది షమూనీ. "ఇంకా తిట్టు, పడతాను."

బూడిద చల్లారాక సుందుస్ గౌను అంచు ఎత్తి పట్టుకుని దాని దగ్గరికి వెళ్ళబోయింది. కడుపుతో ఉన్నదానివి నువ్వు దూకేదేమిటి, పక్కకి జరుగు, నీ వంతూ నేనే దూకుతానని షమూనీ కసిరింది. మోకాళ్ళు పట్టుకుని ఒకసారి దాటింది, రెండోసారి దాటింది. మూడోసారి కాలు లేవలేదు. అప్పుడు సుందుస్ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కలిసి, దూకకుండా, మెల్లగా బూడిద తొక్కుకుంటూ నడిచి అవతలికి వెళ్ళారు.