అమ్మగారి గొంతు కోసం ఉపవాసం

మా ఆయన్ని పాస్టరుగా అభిషేకించిన రోజున బిషప్‌గారు ఆయన తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. నా తల మీద ఎవరూ చేతులుంచలేదు. అయినా ఆ సాయంత్రానికల్లా నేను అమ్మగారినైపోయాను. అప్పటిదాకా గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేదాన్ని. పిల్లలు ఎదురుగా మేడమ్ అనేవాళ్లు, వెనకాల ఏమనేవాళ్లో నాకు తెలుసు గాని ఇక్కడ రాయను. ఎవరైనా "అమ్మగారూ" అని పిలిస్తే మా అత్తగారు వచ్చారేమోనని కొన్నాళ్లు వెనక్కి తిరిగి చూసేదాన్ని.

మాకిచ్చిన సంఘం చిలకలూరిపేట దాటి లోపలికి వెళ్లే ఊళ్లో. ఉండడానికి పాస్టరు బంగళా ఉందన్నారు. వెళ్లి చూస్తే రెండు గదుల డాబా, ముందొక వరండా, వెనకాల చేతిపంపు. దాన్ని బంగళా అన్న మనిషి ఎవరో గాని విశ్వాసంలో మా ఆయన కంటే ఒక మెట్టు పైనే ఉండి ఉంటాడు. అప్పుడప్పుడే పరుగులు నేర్చిన మా పాప మాత్రం వరండా ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తి, ఇల్లు బాగుందని తేల్చేసింది. నేను నోరు మూసుకుని సామాను దింపించాను.

అది మిరప కోతల కాలం. ఊరి చుట్టూ కల్లాలు, కల్లాల నిండా ఆరబోసిన ఎర్రటి కాయలు. గాలి ఎటు తిరిగితే అటు ఇళ్లలో తుమ్ములు. ఊళ్లో పుట్టినవాళ్లకు అదేం పట్టదు. మాకు మాత్రం మొదటి వారమంతా ముక్కూ కళ్లూ కారుతూనే ఉన్నాయి.

వచ్చిన ఆదివారమే స్వాగత సభ పెట్టారు. దండలు వేశారు, మా ఆయన నాలుగు మాటలు మాట్లాడాడు, అందరికీ నచ్చాడు. తర్వాత సంఘ పెద్ద ఒకాయన మైకు తీసుకుని, "ఇప్పుడు అమ్మగారు ఒక పాట పాడతారు," అన్నాడు.

నాకు పాట రాదు. కొంచెం వచ్చి మొహమాటానికి రాదనే రకం కాదు నేను. శ్రుతి అనేది ఒకటుందని నలుగురూ అంటుంటే విని నమ్ముతున్నాను, అంతే. మా పాప వాళ్ల నాన్న పాడితే నిద్రపోతుంది. నేను మొదలుపెడితే చిన్న చెయ్యెత్తి నా నోరు మూస్తుంది.

"నాకు పాటలు రావండి," అన్నాను. అందరూ నవ్వారు. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలావిడ, "అందరు అమ్మగార్లూ మొదట అట్టాగే అంటారు," అంది. మైకు నా చేతిలో పెట్టారు. ఇక తప్పదని చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్న పాట రెండు చరణాలు పాడాను. డోలక్ వాయించే అతను మొదట కాసేపు నా వెంటపడ్డాడు, తర్వాత చేతులు రెండూ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పాట అయిపోయాక చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. అప్పుడు ఆ ముసలావిడే లేచి నన్ను జాలిగా చూసి, "పాపం, టౌను నుంచి వచ్చిన మనిషి. మిరప ఘాటుకి గొంతు పట్టేసింది," అంది. సంఘమంతా హమ్మయ్య అనుకుంది.

ఆవిడను ఊరంతా మామ్మ అని పిలిచేది. స్త్రీల సమాజానికి పెద్ద ఆవిడే. భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు చీరాలలో స్థిరపడ్డారు, ఈవిడ మాత్రం ఊరు కదలలేదు. షుగరు ఉంది, మోకాళ్ల నొప్పులున్నాయి, అన్నిటికంటే మించి పట్టుదల ఉంది. ఆవిడ ఒక మాట అంటే ఊళ్లో అది అయినట్టే. అందుకని మర్నాడు పొద్దుటి నుంచి నా గొంతుకు వైద్యం మొదలైంది.

మిరియాల కషాయం ఒకరు తెచ్చారు. శొంఠీ బెల్లం దంచి ఇంకొకరు ఉండలు చేసిచ్చారు. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోమని ఒకావిడ తానే నా నోట్లో పెట్టి, నేను ఉమ్మకుండా ఎదురుగా కూర్చుంది. "నాకు జబ్బేం లేదండి. పుట్టినప్పటి నుంచీ నా గొంతింతే," అని ప్రతి ఒక్కరికీ చెప్పాను. నాకు కోపం తొందరగా వస్తుంది, కాబట్టి గట్టిగానే చెప్పాను. "తగ్గిపోద్దిలే అమ్మగారూ, దిగులు పెట్టుకోమాకండి," అని నన్నే ఓదార్చి వెళ్లేవాళ్లు. పాస్టరు భార్యకు పాట రాకపోవడం అనేది వాళ్ల ఊహకే అందలేదు. గొంతు పట్టేయడమైతే అందరికీ తెలిసిన సంగతి.

మా ఆయన పక్క గదిలో తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాడు. "మీరైనా చెప్పండి వాళ్లకి," అంటే, "చెప్పాను. భార్య గురించి అట్లా మాట్లాడకూడదని నాకే బుద్ధి చెప్పారు," అన్నాడు.

ఇదంతా నవ్వుకుని మర్చిపోవలసిన సంగతే. కాని ఆ ఊళ్లో ఒక ఆనవాయితీ ఉంది. ఈస్టర్ రోజు తెల్లవారుజామున అందరూ సమాధుల తోటకు నడిచి వెళతారు. ప్రభువు సమాధి దగ్గరికి మొదట వెళ్లింది ఆడవాళ్లు గనుక అక్కడ కూడా ఆడవాళ్లే ముందు నడుస్తారు, మగవాళ్లు వెనకాల రావాలి. గేటు మూసే ఉంటుంది. పాస్టరమ్మ పాట ఎత్తాకే గేటు తీస్తారు. మా ముందు ఆ ఊళ్లో పనిచేసిన పాస్టరమ్మ రేడియోలో పాడే మనిషిలా పాడేదట. ఆవిడకు ముందున్నావిడ ఇంకా బాగా పాడేదట. ఈ రెండు సంగతులు నాకు చెప్పనివాళ్లు ఊళ్లో లేరు.

మా ఆయన పెద్దలతో మాట్లాడి చూశాడు. పాట ఇంకెవరైనా ఎత్తితే ఏమని అడిగాడు. "ఎప్పుడూ లేదండి అయ్యగారూ," అన్నారు. కొత్తగా అభిషేకం పొందిన మనిషి, మొదటి ఏడే ఊరి ఆనవాయితీ మార్చాడన్న పేరు తెచ్చుకోలేడు. ఆయన్ని ఇబ్బంది పెట్టడం నాకూ ఇష్టం లేదు.

ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమ దినాల్లో మొదటి శుక్రవారం స్త్రీల ఉపవాస కూడిక జరిగింది. ప్రార్థన అంశాలు చదివారు. ఒకరి కోడలి కాన్పు, ఒకరి అబ్బాయి ఉద్యోగం, ఆ తర్వాత అమ్మగారి గొంతు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. కళ్లు మూసుకుని కూర్చున్నాను. మామ్మ మోకాళ్ల నొప్పులతోనే మోకరించింది. ఆవిడ ప్రార్థన చేస్తుంటే పక్కింటి మనిషితో గోడ మీద నుంచి మాట్లాడినట్టుంటుంది.

"అయ్యా, ఈ పిల్లకి చదువిచ్చావు, మంచి మొగుణ్ణిచ్చావు, ముత్యమంటి బిడ్డనిచ్చావు. గొంతు కాడికొచ్చేసరికి ఏం తోచింది నీకు? ఈస్టరు లోపల బాగుచెయ్యి. నేను ప్రతి శుక్రవారం పస్తుంటా."

కూడిక అయ్యాక ఆవిడ చెయ్యి పట్టుకుని బయటకు తీసుకొచ్చాను. "మామ్మా, మీకు షుగరు. నా గొంతు కోసం పస్తులుంటారా? అది బాగుపడేది కాదు, నా మాట వినండి," అన్నాను.

"గేటు పక్కన మొదటి సమాధి మా ఆయనదమ్మా. ఏటా ఆ పాట ముందు ఆయనకే వినపడుద్ది. నువ్వు ఎత్తాల. అంతే," అంది.

అప్పటి నుంచి నాకు నిజంగా భయం పట్టుకుంది. జనం నవ్వితే నవ్వుతారు, కోచింగ్ సెంటర్లో అంతకంటే చూశాను. కాని ఈ ముసలావిడ తిండి మానేసి నా కోసం దేవుణ్ణి అడుగుతోంది. ఈస్టర్ నాడు నేను నోరు తెరవగానే, దేవుడు తన మాట వినలేదని ఆవిడ అనుకుంటుంది. తన భర్త సమాధి దగ్గరే అనుకుంటుంది. అది నా వల్ల జరగకూడదని నేనూ ప్రార్థన చేశాను, సాధన కూడా చేశాను. అంట్లు తోముతూ పాడాను, డాబా మీద బట్టలు ఆరేస్తూ పాడాను. మా ఆయన ఓపిగ్గా "స" అందించేవాడు. నేను అందుకున్నది ఏ అక్షరమో ఆయనకే తెలియాలి. సాయంత్రాలు మా వరండాలో పదో తరగతి పిల్లలకు ఊరికే లెక్కలు చెప్పేదాన్ని. "మాకు రావండీ" అంటే ఒప్పుకునేదాన్ని కాదు. కష్టపడితే రానిదేదీ ఉండదని వాళ్లను కోప్పడి, లోపలికొచ్చి మళ్లీ "స" దగ్గర తప్పిపోయేదాన్ని.

ప్రతి శుక్రవారం మామ్మ పస్తుండేది. కూడిక అవగానే నేనే మజ్జిగన్నం కలిపి దగ్గర కూర్చుని తినిపించేదాన్ని. "గొంతెట్టా ఉందమ్మా?" అనేది. "అట్లాగే ఉంది," అనేదాన్ని. "ఇంకా టైముందిలే," అనేది.

ఈస్టర్ వచ్చింది. ముందు రోజు సమాధులకు సున్నాలు కొట్టి బంతిపూలు పెట్టారు. చీకటి ఉండగానే తెల్ల చీరలతో ఆడవాళ్లంతా గుడి ముందు చేరారు. కొవ్వొత్తులు వెలిగించుకుని, టార్పాలిన్ పట్టాలు కప్పిన మిరప కల్లాల పక్క నుంచి నడిచాం. ముందు నేను, చంకలో పాప, పక్కన నా మోచెయ్యి పట్టుకుని మామ్మ. వెనక మా ఆయన తెల్ల అంగీలో మగవాళ్లతో వస్తున్నాడు. గేటు దగ్గర ఆగాం.

నోరు తెరిచాను. మా పాప వెంటనే చెయ్యెత్తి నా నోరు మూసింది. ఆ చెయ్యి తీసి పట్టుకుని, పాట ఎత్తాను.

ఎప్పటి గొంతే. కషాయాలు, కరక్కాయలు, ఉపవాసాలు, ఏవీ దాన్ని కదిలించలేదు. మొదటి మాట ఒక చోట, రెండో మాట ఇంకో చోట పడ్డాయి. మూడో మాటకు వెళ్లకముందే నా పక్క నుంచి బొంగురు గొంతొకటి గట్టిగా లేచింది. మామ్మ. పడిపోతున్న పిల్లను జబ్బ పట్టి లేపినట్టు ఆవిడ నా పాటను పట్టుకుని లేపింది. ఆవిడ ఒక్కతే అయిపోతుందని వెనకున్న ఆడవాళ్లు అందుకున్నారు. నన్ను దాటి వినపడాలంటే గట్టిగా పాడాలి, కాబట్టి గట్టిగానే పాడారు. మగవాళ్లు ఊరుకోలేకపోయారు. డోలక్ అతనికి చేతులకు పని దొరికింది. రోడ్డవతల పత్తి మిల్లులో రాత్రి డ్యూటీ చేస్తున్నవాళ్లు మిల్లు గేటు దాకా వచ్చి చూశారు. గేటు తియ్యవలసిన పెద్దాయన కూడా పాటలో పడి తియ్యడం మర్చిపోయాడు. రెండో చరణం మధ్యలో మా ఆయన గుర్తుచేస్తే తీశాడు. నేను కూడా చివరిదాకా పాడాను. అంత హాయిగా నేనెప్పుడూ పాడలేదు, ఎందుకంటే నా గొంతు నాకే వినపడలేదు.

ఆరాధన అయ్యేసరికి తెల్లవారింది. అందరూ టీలు తాగుతుంటే మామ్మ గేటు పక్కన వాళ్లాయన సమాధి అంచున కూర్చుని ఉంది. వెళ్లి పక్కన కూర్చున్నాను. "మామ్మా, నా గొంతు బాగవలేదు," అన్నాను. చెబుతుంటే ఏడుపొచ్చింది.

"విన్నాలే," అంది. కాసేపు సమాధి మీది బంతిపూలు సర్దింది. "ఇన్నేళ్లూ అమ్మగార్లు చక్కగా పాడతా ఉంటే నోరు మూసుకుని విన్నానమ్మా. వాళ్ల ముందు మనదొక గొంతా అని. ఈయన పోయినాక ఏటా ఇక్కడికొస్తున్నా, ఒక్క ఏడన్నా ఈయన పక్కన నిలబడి పాడలా. ఇయ్యాల నీ పాట ఎక్కడ చెడిపోద్దోనని గాభరాకొద్దీ ఎత్తుకున్నా. పాడినాక చూసుకుంటే ఈయన పక్కనే ఉన్నా."

ఇద్దరం కాసేపు ఏడ్చాం. మా పాప ఆవిడ ఒళ్లోకెక్కి బంతిపూలు తుంచుతూ కూర్చుంది.

తర్వాతి శుక్రవారం కూడికలో మామూలుగా ప్రార్థన అంశాలు చదువుతున్నారు. కాన్పు అయింది, స్తోత్రం. ఉద్యోగం ఇంకా రాలేదు. "అమ్మగారి గొంతు," అని చదవబోతుంటే మామ్మ చెయ్యెత్తి ఆపింది.

"దాని జోలికి పోమాకండి. బాగయ్యిందంటే మళ్లీ మనం నోరు మూసుకోవాల," అంది. తర్వాత నా వైపు తిరిగి, పాట ఎత్తమంది.