తీసి దాచిన థర్మోస్టాట్

మా ఆయన పోయిన ఆరు నెలలకు కారు అమ్మకానికి పెట్టాను. యూరప్ కంపెనీది, పెట్రోలు బండి. పాతబడ్డాకే కొన్నారు. ఖమ్మం నుంచి భద్రాచలంలో ఉద్యోగానికి సోమవారం వెళ్లి, శనివారం దాంట్లోనే తిరిగి వచ్చేవారు.

దాని జబ్బులు నాకు తెలుసు. కిటికీ అద్దం ఉన్నట్టుండి సగం దాకా జారేది. వాన పడితే డిక్కీ తెరుచుకునేది కాదు. అన్నిటికంటే పెద్దది వేడెక్కడం. ఇల్లందు దాటాక అడవి దారిలో వేడి చూపే సూది ఎరుపులోకి పోయేది. ఆయన బానెట్ ఎత్తి, ఇంజిన్ చల్లారే దాకా పక్కన నిలబడేవారు.

మూడేళ్ల కిందట ఒక వేసవిలో, ఇల్లందులో బొగ్గు లారీలు బాగుచేసే మేస్త్రీ ఇంజిన్‌లోంచి అరచేతిలో పట్టే ఇత్తడి ముక్కను బయటికి తీశాడు. థర్మోస్టాట్. ఇంజిన్ తగినంత వేడెక్కే దాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపేది అదే.

"గిది చలి దేశపోళ్లకు సార్. మన ఎండలకు ఎందుకు? లారీలన్నిటికీ పీకి పారేస్తం," అన్నాడు.

ఆయన పారేయలేదు. దస్తీలో చుట్టి డ్యాష్‌బోర్డు అరలో పెట్టారు. సూది మళ్లీ లేవలేదు కానీ డ్యాష్‌బోర్డులో పసుపు హెచ్చరిక దీపం ఒకటి వెలిగి, ఇక ఆరలేదు. దాని మీద నల్ల టేపు అంటించారు. బయల్దేరే ముందు ప్రతిసారీ ఇంజిన్ నీళ్ల ట్యాంకులో రెండు సీసాల నీళ్లు పోయడం మామూలైపోయింది. ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆ మేస్త్రీ తెలివి గురించి చెప్పేవారు.

కారుతో వచ్చిన పుస్తకం నేను చదివాను. ఆ ముక్క లేకుండా నడిపితే ఇంజిన్ తొందరగా అరుగుతుందని అందులో ఉంది. ఆయనకు చెప్పలేదు. ఆయన సంతోషంగా ఉన్నారు.

కారు చూడటానికి వచ్చినాయన కూసుమంచి దగ్గర రైతు. వాళ్లమ్మను రోజు విడిచి రోజు ఖమ్మంలో డయాలసిస్‌కు తీసుకురావాలి. ఆమె ఆటోలో కూర్చోలేకపోతోంది. రైతు స్టీరింగ్ ముందు కూర్చుని టేపును గోటితో గీరాడు.

"ఏందమ్మా ఇది? బండి నడుమ ఆగితే మా అమ్మ ఆగమైతది. నిజం చెప్పుండ్రి."

చెప్పాను. "లోపలి థర్మోస్టాట్ మా ఆయన తీయించారు. అది తప్పు." మూడేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదలు.

రైతు నవ్వాడు. "నా ట్రాక్టరుకు గూడ గట్లనే పీకించిన. సార్‌ది, నాది ఒకటే తెలివి. మల్ల పెట్టిస్తరా మరి?"

ఇద్దరం ఇల్లందు వెళ్లాం. మేస్త్రీ కారును గుర్తుపట్టి, "సార్ రాలే?" అన్నాడు.

"ఆయన లేరు."

చేతిలో పానా కింద పెట్టాడు. "ఎప్పుడమ్మా?"

"వానాకాలంలో."

దస్తీ విప్పి ముక్క ఇచ్చాను. పక్కన చాయ్ హోటల్లో గిన్నె అడిగి, మరిగే నీళ్లలో వేశాడు. కాసేపటికి దాని నడుమ బిళ్ల మెల్లగా లేచి దారి ఇచ్చింది. ముగ్గురం చూశాం.

"ఇది మంచిగనే ఉండెనమ్మా," అన్నాడు. "తప్పు నాది. సార్‌ను అనకుండ్రి."

అసలు లోపం తర్వాత దొరికింది. నీళ్ల ప్లాస్టిక్ ట్యాంకు అతుకు దగ్గర వెంట్రుకంత పగులు; నీళ్లు అందులోంచే కారిపోయేవి. కొత్త ట్యాంకు హైదరాబాద్ నుంచి రావడానికి నాలుగు రోజులు పట్టింది. మళ్లీ వెళ్లి ట్యాంకూ థర్మోస్టాటూ బిగించుకుని వస్తుంటే సూది సగం దాకా లేచి అక్కడే నిలబడింది. రైతు టేపు పీకేశాడు. కింద దీపం వెలగడం లేదు.

బండి కొనుక్కెళ్లిన రైతు మొన్న ఫోన్ చేశాడు. వాళ్లమ్మ వెనుక సీట్లో పడుకుని వెళ్లొస్తోందట.

"బండి ఆగుతలేదమ్మా. అద్దమే జారింది."

రెండు అరచేతులూ అద్దానికి అటూ ఇటూ గట్టిగా ఆనించి, స్విచ్ ఇంకొకరిని నొక్కమని, పైకి లాగాలని చెప్పాను. మా ఆయన లాగేవారు, నేను నొక్కేదాన్ని.

"అవ్, వచ్చింది," కాసేపటికి అన్నాడు రైతు.