తంగేడు పూల డబ్బా

నాకు ముక్కు మీద కోపం. ఎనభై దాటినా తగ్గలేదు, పదహారేళ్లప్పుడు ఎట్లా ఉండేదో మీరే అనుకోండి. ఆ కోపంతోనే ఒకసారి బడి ఎలక్షన్లలో నిలబడ్డాను. పేరు కోసం కాదు, పెత్తనం కోసం అసలే కాదు. ఒక తాళంచెవి కోసం.

మాది వేములవాడకు పోయే తొవ్వలో మగ్గాల ఊరు. తెల్లారిందంటే ఏ ఇంట్లో విన్నా మగ్గం చప్పుడే. ఊళ్లో హైస్కూలు పెట్టి ఎన్నో ఏండ్లు కాలేదు. పదో తరగతిలో ముప్పై మంది పైచిలుకు మగపిల్లలు, మేం ఆడపిల్లలం నలుగురం. ఎనిమిదో తరగతిలోకి వచ్చిన ఆడపిల్లకు ఒక పద్ధతి మొదలయ్యేది. సారు లేకుండా క్లాసులో కాలు పెట్టకూడదు. మ్యాపులు, కసరత్తుకు వాడే లెజీములు దాచే చిన్న గదిలో కూర్చుని ఎదురుచూసేవాళ్లం. గంట కొట్టాక సారు వరండాలోంచి పోతుంటే ఆయన వెనకే వరసగా, తలలు వంచుకుని, కోడి వెంట పిల్లల్లా లోపలికి పోయేవాళ్లం. తలుపు పక్క బెంచీ మాది. పాఠం అయిపోగానే ఆయనతోపాటే బయటికి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. గోడ మీద నోటీసు లేదు, ఏ సారూ నోరు తెరిచి చెప్పలేదు. మా ముందటి అక్కలు అట్లా చేశారు, మేమూ చేశాం.

అంతవరకు నాకూ ఫికరు లేదు. ఫికరంతా బీరువాతో వచ్చింది.

బడి మొత్తానికి ఒకటే పుస్తకాల బీరువా. అది మా పదో తరగతి గదిలో, వెనక గోడకు ఉండేది. పై రెండు అరల్లో పాత ఉర్దూ పుస్తకాలు, కింది అరల్లో కొత్తగా వచ్చిన తెలుగు పుస్తకాలు. తాళంచెవి స్కూలు లీడరు దగ్గర. అతను పగటి తిండి గంటలో తెరిచి, కావలసిన వాళ్లకు ఇచ్చి, రిజిస్టరులో రాసుకునేవాడు. తిండి గంటలో క్లాసులో సారు ఉండడు. సారు లేని క్లాసులోకి మేం పోం. అంటే మూడేండ్లుగా అదే పద్ధతిలో ఉండి, ఈ యేడు ఆ బీరువాకు నాలుగు బారల దూరంలో రోజూ కూర్చుని కూడా, నేను ఒక్క పుస్తకం ముట్టుకోలేదు.

ఒకసారి మా వాడకట్టులో ఉండే తొమ్మిదో తరగతి పిల్లవాణ్ని బతిమాలి, ఏదైనా మంచి కథల పుస్తకం తెచ్చిపెట్టమన్నాను. వాడు చేతికందింది పట్టుకొచ్చాడు. కోళ్ల రోగాలు, వాటి చికిత్స! ఏం చేస్తాను, అదీ చదివాను. మా అవ్వ నేను పరీక్షకు చదువుతున్నాననుకుని మురిసిపోయింది.

పదో తరగతి అయితే నా చదువు అయినట్టే. ఊళ్లో ఆపైన చదువు లేదు, కరీంనగర్ పంపే మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఆ బీరువా ఉన్న కప్పు కింద నాకు మిగిలింది ఆ ఒక్క యేడు. అది తలుచుకుంటే ఏడుపు రాలేదు, మంట పుట్టింది.

ఆ యేడే దేశమంతా రెండోసారి పెద్ద ఎలక్షన్లు జరిగాయి. అప్పట్లో నిలబడ్డ ఒక్కొక్కరికి ఒక్కొక్క డబ్బా ఉండేది. డబ్బా మీద గుర్తు. ఓటు చీటీని చాటున పోయి, నచ్చినవాళ్ల డబ్బాలో వేసి రావాలి. మా పెద్దసారుకు అది తెగ నచ్చింది. ఒకరోజు ప్రార్థన కాగానే ప్రకటించాడు.

"ఇగ నుంచి లీడరును నేను పెట్టుడు ఉండది. మీరే ఎన్నుకోవాలె. డబ్బాలు, గుర్తులు, అంతా అసలు ఎలక్షన్ల లెక్కనే."

ఆ మాట విన్న రోజే నేను ఆయన గది ముందుకు పోయి పేరు రాయించుకున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు.

"నువ్వా బిడ్డా? ఆలోచించుకున్నవా?"

"ఆలోచించుకున్న సార్. ఆడపిల్లలు నిలబడొద్దని రూలున్నదా?"

"లేదు లేదు," అని రాసుకున్నాడు.

ఇంట్లో చెబితే బాపు మగ్గం ఆపలేదు. నాడె ఇటునుంచి అటు పోతూనే ఉంది. "గెలుస్తె ఏమిస్తరే?" అన్నాడు. "తాళంచెవి," అన్నాను. "దేనికి?" "పుస్తకాల బీరువకు." బాపు అప్పుడు ఆపాడు. "ఓడిపోతె ఏడ్వొద్దు మరి," అని మళ్లీ మొదలుపెట్టాడు. ఆయన ఒప్పుకోవడం అంటే అదే.

నా మీద నిలబడ్డవాడు మా క్లాసువాడే, కబడ్డీలో మొనగాడు. మంచివాడే, ఇప్పుడైనా ఒప్పుకోవాలి. అతని గుర్తు సైకిలు. నేను తంగేడు పువ్వు పెట్టుకున్నాను. బతుకమ్మ రోజులు దగ్గరపడ్డాయి, ఊరి బయట ఎటు చూసినా పచ్చగా అదే. ప్రార్థన దగ్గర ఇద్దరికీ మాట్లాడే అవకాశం ఇచ్చారు. అతను కొత్త కబడ్డీ కోర్టు అన్నాడు, చప్పట్లు. నేను, "నన్ను గెలిపిస్తే బీరువను వరండలకు తెప్పిస్త. అందరికి పుస్తకాలు," అన్నాను. వెనక వరసలో నవ్వారు. నవ్వినకొద్దీ నాకు పట్టుదల పెరిగింది.

ఓట్ల రోజు పొద్దున్నే మేం నలుగురం పొలాల గట్ల వెంట తిరిగి ఒడినిండా తంగేడు, గునుగు కోసుకొచ్చాం. రెండు ఖాళీ కిరోసిన్ డబ్బాలకు పైన చీలిక కోసి, నల్లబల్ల చాటున బల్ల మీద పెట్టారు. సైకిలు డబ్బాకు కాగితం మీద గీసిన బొమ్మ అంటించి ఉంది. నా డబ్బాకు ఒక్క పువ్వు చాలు. కానీ నాకు చాలలేదు. చుట్టూ పురికొసతో వరుసలు వరుసలుగా పూలు కట్టాను. పైన అంచుల వెంట కూడా పెట్టాను. చీలిక సగం కప్పుకుపోయింది. "అబ్బ, ఎంత ముద్దుగున్నదే!" అని మా వాళ్లు మురిశారు. నేనూ మురిశాను, నా మొహం!

పొద్దంతా పిల్లలు ఒక్కొక్కరే నల్లబల్ల చాటుకు పోయి వచ్చారు. చాటున ఏం జరిగేదీ ఎవరికీ కనబడదు. సాయంత్రం పెద్దసారు అందరి ముందు నల్లబల్ల జరిపించాడు.

నా డబ్బా మీద, పూల నడుమ, చీటీలు. ఒక్కటి కాదు రెండు కాదు, పదిహేడు. బతుకమ్మ మీద పూలు పేర్చినట్టు గుండ్రంగా, ఒద్దికగా పెట్టి ఉన్నాయి. రెండు చీటీల మీద కుంకుమ బొట్టు కూడా ఉంది.

ముందు డబ్బాల్లోవి లెక్కపెట్టారు. సైకిలుకు నూట ఇరవై ఆరు, నాకు నూట పద్దెనిమిది. పైనున్న పదిహేడు కలిస్తే నేను గెలిచినట్టే. పెద్దసారు ఆ చీటీలను ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టాడు.

"డబ్బ లోపల పడ్డదే ఓటు. అని నేనే చెప్పిన," అన్నాడు చివరికి. "నాకూ బాధనే ఉన్నది బిడ్డా. అయినా రూలంటే రూలే."

మగపిల్లలు అతన్ని భుజాల మీద ఎత్తుకుని బయటికి తీసుకుపోయారు. నేను ఏడవలేదు, బాపుకు మాట ఇచ్చాను కదా. చిన్న గదిలో లెజీముల పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను. అప్పుడు ఆరో తరగతి పిల్ల ఒకతి, రెండు జడలది, గెంతుకుంటూ వచ్చింది.

"అక్కా! మేమందరం నీకే పెట్టినం! ఆరు, ఏడు తరగతుల ఆడపిల్లలందరం!"

"డబ్బ మీద పెట్టింది మీరా? బుద్ధున్నదానే? లోపల వెయ్యమంటే మీద పెడ్తరా? మీ వల్లనే ఓడిపోయిన, తెలుసా?"

పిల్ల మొహం ముడుచుకుపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బతుకమ్మ లెక్క చేసినవు గద అక్కా. బతుకమ్మకు మీదనే పెడ్తరు గద. లోపల ఎట్ల వేస్తరు?"

ఓటు డబ్బాను బతుకమ్మను చేసింది ఎవరు? నేనే. చీలికను పూలతో కప్పింది ఎవరు? నేనే. మగపిల్లలకు అది డబ్బాలాగే కనబడింది, లోపల వేశారు. పుట్టినప్పటి నుంచి బతుకమ్మ పేర్చిన చేతులకు మాత్రం అది బతుకమ్మే. ఆ పిల్లను దగ్గరికి తీసుకుని, కొంగుతో మొహం తుడిచాను. సిగ్గేసింది.

ఏడుపు ఆగాక అది అడిగింది, "గెలుస్తె ఏమొస్తుండె అక్కా?"

"బీరువ తాళంచెవి."

"తాళంచెవి లేకుంటె పుస్తకాలు ఇయ్యరా?"

"ఇయ్యరు."

"మరి గంతమంది మగపోరగాండ్లు తీస్కపోతరు గద. అందరి దగ్గర తాళంచెవి ఉన్నదా?"

నిజమే. వాళ్ల దగ్గర తాళంచెవి ఉండి కాదు. గదిలోకి పోతారు, అడుగుతారు, తీసుకుంటారు. అంతే. మూడేండ్లు నేను తాళంచెవి కోసం కొట్టుకున్నాను కానీ, ఆ గది తలుపు ఒక్కరోజు కూడా మూసి లేదు. ఆ రోజు ఇంటికి పోయేదాకా నా మీద నాకే కోపం.

మర్నాడు తిండి గంట కొట్టారు. మా నలుగురిలో మిగతా ముగ్గురినీ పిలిచాను. "వద్దే, సారు లేడు," అన్నారు, "ఎవరన్న ఏమన్న అంటరు."

"అననీ. నేనే ముందట పోత."

వాళ్లు వరండాలోనే నిలబడిపోయారు. రెండు జడల పిల్ల మాత్రం నా కొంగు పట్టుకుంది. దాని చెయ్యి పట్టుకుని గడప దాటాను. నా జన్మలో ఎన్నో గడపలు దాటాను, అంత ఎత్తు గడప ఇంకోటి చూడలేదు. లోపల సద్దులు విప్పుకుని తింటున్న మగపిల్లల నోళ్లు ఆగిపోయాయి. ఎవరో కిసుక్కున నవ్వారు, ఇంకెవరో వాణ్ని మోచేత్తో పొడిచారు. నేను తల వంచలేదు. మా తలుపు పక్క బెంచీ దాటి, బెంచీల నడుమ నుంచి వెనక గోడ దాకా నడిచాను.

నా మీద గెలిచిన కొత్త లీడరు బీరువా దగ్గరే ఉన్నాడు. నన్ను చూసి పరేషాన్ అయ్యాడు. నాతో ఎన్నడూ మాట్లాడినవాడు కాదు. నా మొహం చూడలేక, పక్కనున్న చిన్నపిల్లను అడిగాడు.

"ఏందే? ఏం కావాలె?"

"పుస్తకం," అన్నాను నేనే.

అతను మెడలో దారానికి ఉన్న తాళంచెవి తీసి బీరువా తెరిచాడు. రిజిస్టరు విప్పి, పెన్సిలు పట్టుకుని, ఈసారి నన్నే అడిగాడు.

"ఏం పుస్తకం?"

వెనక్కి తిరిగి చూస్తే, వరండాలో నిలబడ్డ ముగ్గురూ గడప లోపల ఉన్నారు. వాళ్ల వెనక రెండు జడలు, ఒంటి జడలు, ఆరో తరగతివీ ఏడో తరగతివీ.

ఏం పుస్తకమో నాకేం తెలుసు? మూడేండ్లలో ఆ బీరువా లోపలి భాగం ఎన్నడైనా చూశానా?

"జర జరుగు," అన్నాను. "చూసి చెప్త."

అతను జరిగాడు.